కనిపించే హార్ప్ వినిపించేదాకా: ఒక వెల్ష్ జానపద బృందం కేస్ స్టడీ

నేను బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో లైవ్ సౌండ్ పని చేస్తాను. కచేరీలకు, నాటకాలకు మైకులు పెట్టి మిక్సర్ దగ్గర కూర్చోవడం నా వృత్తి. రాజమండ్రిలో సంగీత సభలకు, బుర్రకథలకు పనిచేస్తూ నేర్చుకున్నాను. వేల్స్‌కి వచ్చాక నాకు బాగా దగ్గరైన పని ఇక్కడి జానపద సంగీతం. ఈ కేసు అయిదుగురున్న ఒక బృందానిది. వాళ్ల పేర్లు రాయడం లేదు, వాద్యాలతోనే చెబుతాను. ఒకరు ట్రిపుల్ హార్ప్ (మూడు వరసల తీగలున్న నిలువు హార్ప్), ఒకరు ఫిడేలు, ఒకరు పిబ్‌గోర్న్ అనే కొమ్ము సన్నాయి (ఆయనే కర్ర ఫ్లూటు కూడా వాయిస్తాడు), ఒకరు గిటారు. అయిదో ఆవిడ పాడుతుంది, చెక్క అడుగుల బూట్లతో క్లాగ్ డాన్సు చేస్తుంది.

వాళ్లు నా దగ్గరికి తెచ్చిన ఫిర్యాదు చిన్నది: "మా హార్ప్ అందరికీ కనిపిస్తోంది, ఎవరికీ వినిపించడం లేదు." ఊరి హాల్లో బాగానే ఉంటోంది. మూడొందల మంది పట్టే థియేటర్‌కి వెళ్తే హార్ప్ సగం పోతోంది. ఆరుబయట స్టేజీ మీద అయితే మొత్తం పోతోంది. ప్రతిచోటా అక్కడి సౌండ్ మనిషి మిక్సర్ మీద హార్ప్ ఫేడర్ (ధ్వని పెంచి తగ్గించే మీట) పైకి తోస్తాడు, అది కూత పెడుతుంది, వెంటనే కిందికి లాగేస్తాడు, అంతటితో కథ ముగుస్తుంది.

ఈ పనిలో నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. వెల్ష్ సంగీతంలో హార్ప్ వినిపించాలంటే దాన్ని పెంచితే చాలదు, మిగతా నలుగురూ దాని చుట్టూ సర్దుకోవాలి. సర్దుబాటు మిక్సర్ మీద మొదలుకాదు, ఏ పాటలో ఎవరు ఏం వాయించాలి అన్న దగ్గర మొదలవుతుంది.

హార్ప్‌కి ఇంత పట్టింపు ఎందుకు

వేల్స్ పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది బొగ్గుగనుల లోయల్లోని మగవాళ్ల కోరస్‌లు, చర్చి కీర్తనలు. ఆ పేరు న్యాయంగా వచ్చిందే. కానీ దాని వెనక వాద్య సంగీతం చాలా నష్టపోయింది. 18వ శతాబ్దంలో మెథడిస్టు మతోద్యమం ఊరూరా వ్యాపించినప్పుడు ఫిడేలు, నాట్యం, ఊరి సంబరాలు పాపం కిందికి వచ్చాయి. అంతకుముందే క్రూథ్ అనే పాత కమాను వాద్యాన్ని ఫిడేలు పక్కకు నెట్టేస్తోంది. ఆరు తీగల వాద్యమది. నాలుగు తీగలు పలక మీద, రెండు పక్కగా ఉంటాయి, ఆ రెంటినీ బొటనవేలితో మీటొచ్చు. 1742లో తయారైన ఒక క్రూథ్ ఇప్పటికీ కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. పాత పిబ్‌గోర్న్‌లు కూడా ఆ మ్యూజియంలోనే మిగిలాయి. వాటిని వాయించే పరంపర మాత్రం తెగిపోయింది. ఇవాళ వినిపించేదంతా పాత వాద్యాలు చూసి మళ్లీ చేసినవాటి మీద వాయిస్తున్నదే.

హార్ప్ ఒక్కటి తెగలేదు. అందుకే దానికి ఇంత పట్టింపు.

అసలు ట్రిపుల్ హార్ప్ వెల్ష్‌వాళ్లు కనిపెట్టింది కాదు, ఇటలీలో పుట్టింది. 17వ శతాబ్దంలో లండన్ చేరింది, అక్కడి వెల్ష్ వాద్యకారులు దాన్ని సొంతం చేసుకున్నారు. మిగతా యూరప్ వదిలేశాక కూడా వీళ్లు వదల్లేదు. 18వ శతాబ్దం గడిచేసరికి దాని పేరే వెల్ష్ హార్ప్ అయిపోయింది. రుయాబన్‌లో విన్‌స్టే జమీందారుల దగ్గర కొలువున్న జాన్ పారీ పుట్టుగుడ్డి. 1742లో వెల్ష్ వరసల తొలి అచ్చు పుస్తకాన్ని తెచ్చినవాడు ఆయనే. క్రిస్మస్‌కి మన ఊళ్లలో మిషన్ స్కూళ్ల పిల్లలు పాడే "డెక్ ది హాల్స్" పాట వరస కూడా పారీ రాతప్రతిలో దొరికిన వెల్ష్ వరసే. ఇంగ్లీషు మాటలు 1862లో థామస్ ఓలిఫెంట్ రాశాడు.

19వ శతాబ్దంలో కాలి పెడళ్లతో శ్రుతి మార్చే పెడల్ హార్ప్ వచ్చి దీన్ని మింగేసేలా ఉన్నప్పుడు అబెర్గవెన్నీ దగ్గర లేడీ ల్లానోవర్ తన ఇంట్లో ఆస్థాన హార్పిస్టుని పెట్టుకుంది, పోటీల్లో బహుమతిగా ట్రిపుల్ హార్పులనే ఇచ్చింది. ఇంకోవైపు ఏబ్రమ్ వుడ్ వంశం. వీళ్లు 18వ శతాబ్దంలో వేల్స్ చేరిన రోమానీ కుటుంబం. ఫిడేలు, హార్ప్ పట్టుకుని పొలాల ఇళ్ల వెంట తిరిగేవారు. ఆ వంశంలోని జాన్ రాబర్ట్స్ (1816–1894) న్యూటౌన్‌లో స్థిరపడి "వేల్స్ హార్పిస్టు" అనే బిరుదు పొందాడు. వీళ్లు ఇంట్లో మాట్లాడుకునే రోమానీ భాష మూలాలు ఉత్తర భారతదేశంలో ఉన్నాయి. జాన్ శాంప్సన్ అనే పండితుడు ఆ భాష మీద 1926లో పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. చర్చి వద్దన్న సంగీతాన్ని కాపాడిన చేతుల్లో మన దేశం నుంచి ఎప్పుడో బయలుదేరిన మనుషుల వారసుల చేతులు కూడా ఉండడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

మాంట్‌గోమరీ ప్రాంతపు రైతుబిడ్డ నాన్సీ రిచర్డ్స్ (1888–1979) ఆ పాత బాణీని మన కాలందాకా మోసుకొచ్చింది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో దావిద్, గ్విందావ్ రాబర్ట్స్ అనే అన్నదమ్ములు ఉన్నారు. 1976లో ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతపు లోరియాన్ కెల్టిక్ ఉత్సవానికి వేల్స్ తరపున పంపడానికి నలుగురిని పోగుచేశారు, ఈ అన్నదమ్ములూ అందులో ఉన్నారు. ఒక్క ఉత్సవం కోసం కట్టిన బృందం అది. ఐర్లండ్‌కి చెందిన జానపద బృందం డబ్లినర్స్ వాళ్లు అక్కడ విని, కలిసే ఉండమని ప్రోత్సహించారు. అలా నిలబడిన బృందమే ఆర్ లోగ్. వేల్స్‌లో జానపద సంగీతాన్నే పూర్తికాలపు వృత్తిగా పెట్టుకున్న మొదటి బృందంగా దాన్ని చెబుతారు. 1983లో గాయకుడు దావిద్ ఇవాన్‌తో కలిసి వాళ్లు రికార్డు చేసిన "అమా ఓ హీడ్" పాటను 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వేల్స్ జట్టు తన పాటగా పెట్టుకుంది.

నా దగ్గరికి వచ్చిన బృందం ఆ దారిలో నడిచే వందల చిన్న బృందాల్లో ఒకటి. పగలు ఉద్యోగాలు, వారాంతాల్లో సంగీతం. హార్ప్ వాయించే ఆవిడ తన గురువుకి గురువు ఎవరో, ఆయనకి గురువు ఎవరో వరసగా చెప్పగలదు. అలాంటి మనిషి స్టేజీ మీద అలంకారంగా మిగిలిపోవడం అన్యాయం.

మైకులు లేకుండా విన్నది

మొదట మైకు ముట్టుకోలేదు. ఒక చాపెల్ పక్కగదిలో అందరినీ కూర్చోబెట్టి హార్ప్‌తో ఒక్కొక్కరినీ జతగా వాయించమన్నాను. సమస్య ఎక్కడుందో దాంతోనే తేలిపోయింది.

హార్ప్, గొంతు కలిస్తే ఏ ఇబ్బందీ లేదు. హార్ప్, ఫిడేలు కూడా బాగున్నాయి. ఒకటి మీటేది, ఒకటి లాగేది, ఒకదాన్నొకటి కప్పవు. గిటారు మొదలెట్టగానే హార్ప్ కింది సగం మాయమైంది. పిబ్‌గోర్న్ మొదలెట్టగానే మొత్తం మాయమైంది.

గిటారు సంగతి ముందు చెబుతాను. 1960, 70ల జానపద ఊపులో ఐర్లండ్, ఇంగ్లండ్ బృందాల ద్వారా గిటారు అన్ని బృందాల్లోకీ వచ్చి చేరింది. ఫిడేలు, ఫ్లూటు లాంటి ఒంటి వరస వాద్యాలకు కింద తాళమూ స్వరమేళమూ అందించడం దాని పని. కానీ ట్రిపుల్ హార్ప్‌లో ఆ పని చేయడానికి ఒక చెయ్యి ఉండనే ఉంది. గిటారు మీద ఆరు తీగలూ ఒకేసారి గీస్తే 100 నుంచి 400 హెర్ట్జ్ మధ్య గది నిండిపోతుంది, హార్ప్ మంద్రం ఉండే చోటు కూడా అదే. గిటారుకి ఉక్కు తీగలు, హార్ప్‌కి తక్కువ బిగువున్న పేగు లేదా నైలాన్ తీగలు. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

పిబ్‌గోర్న్ కథ వేరు. కర్ర గొట్టం, ఆరు వేలి రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి, లోపల ఒంటి రీడు, రెండు చివరలా ఆవు కొమ్ము ముక్కలు. దానికి మెల్లగా వాయించడం అన్నది లేదు. ఊపిరి తగ్గిస్తే శ్రుతి జారుతుంది, ఇంకా తగ్గిస్తే ఆగిపోతుంది. పైగా దాని పదునంతా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మనిషి చెవి ఎక్కువగా పట్టుకునేది ఆ భాగాన్నే. దాన్ని ఏ మిక్సరూ తగ్గించలేదు, ఎందుకంటే చిన్న హాల్లో దానికి మైకే అక్కర్లేదు.

పాటల పట్టీ తిరగరాయడం

గిటారు ఆయనతో మాట్లాడడం ఈ పని మొత్తంలో కష్టమైన భాగం. "హార్ప్ వాయించేటప్పుడు గీయొద్దంటే ఇక నేనెందుకు?" అని సూటిగానే అడిగాడు. ఆ బృందాన్ని మొదలెట్టినవాళ్లలో ఆయన ఒకడు, బాధ పడడం సహజం. హార్ప్ ఆవిడే దానికి జవాబు చూపించింది. తాను కింది చెయ్యి ఆపేసి పైవరస ఒక్కటే వాయించి, ఆయన్ని ఒక్కొక్క మంద్ర తీగ మాత్రం పట్టి నిలపమంది. ఆ నాలుగు వరసలు విన్నాక గదిలో ఎవరూ ఏమీ అనలేదు, ఆయన గిటారు శ్రుతి మార్చుకోవడం మొదలెట్టాడు.

కొత్త పట్టీ ఇలా కుదిరింది. నాట్యపు వరసల్లో ఫిడేలు, పిబ్‌గోర్న్, గిటారు, క్లాగ్ ముందుంటాయి, హార్ప్ పైస్థాయిలో వరసను జతగా మాత్రం పట్టుకుంటుంది లేదా విశ్రాంతి తీసుకుంటుంది. హార్ప్ వరసల్లో గిటారు ఒంటి తీగల మంద్రం, లేదంటే మౌనం. హార్ప్, పిబ్‌గోర్న్ కలిసేది ఒక్క అంశంలో. హార్ప్ ఒంటరిగా వరస రెండుసార్లు తిప్పుతుంది, ఫిడేలు చేరుతుంది, ఆఖరి తిప్పులో పిబ్‌గోర్న్ స్టేజీ వెనక నుంచి నడుస్తూ వస్తుంది. అప్పటికి హార్ప్ చెప్పాల్సింది చెప్పేసి ఉంటుంది.

వరసల ఎంపికలో కూడా హార్ప్‌దే మొదటి మాట. ఎందుకో తెలియాలంటే దాని నిర్మాణం తెలియాలి. మూడు వరసల తీగలు, మొత్తం తొంభై దాటి ఉంటాయి. బయటి రెండు వరసలూ ఒకే స్వరాలు, జంటలు. నడిమి వరసలో పియానో నల్లమెట్ల స్వరాలు. వేళ్లు బయటి తీగల మధ్య సందులోంచి లోపలికి పోయి నడిమి తీగను మీటాలి. పెడళ్లు లేవు. జి మేజర్‌కి శ్రుతి చేసి పెడితే డి, సి, ఇ మైనర్ లాంటి దగ్గరి శ్రుతుల్లో కావలసిన ఒకటి రెండు స్వరాలు నడిమి వరస నుంచి అందుతాయి. ఫ్లాట్లు (అర మెట్టు తగ్గిన స్వరాలు) ఎక్కువున్న శ్రుతికి పోవాలంటే బయటి వరసల తీగలను మళ్లీ శ్రుతి చేయాల్సిందే. ఒక్క స్వరం మార్చాలన్నా అయిదు స్థాయిల్లో రెండేసి తీగలు, అంటే దాదాపు పది తీగలు. అందుకని అలాంటి పాటలన్నీ విరామం తర్వాతికి పెట్టాం. మంచి వరసలకు కొదవ లేదు. 1752లో జాన్ థామస్ అనే ఫిడేలుకారుడు రాసుకున్న పుస్తకంలో అయిదొందలకు పైగా ఉన్నాయి. ఆ రాతప్రతి అబెరిస్ట్‌విత్‌లో నేషనల్ లైబ్రరీలో ఉంది, 2004లో అచ్చయింది కూడా. ఫిడేలు ఆయన అందులోంచి హార్ప్ శ్రుతికి కుదిరేవి ఏరుకొచ్చాడు.

మైకులు, కుర్చీ, ఎడమ భుజం

సాధారణ హార్ప్ కుడి భుజం మీద ఆనుతుంది, కుడి చెయ్యి పైస్థాయి వాయిస్తుంది. వెల్ష్ పాత పద్ధతిలో హార్ప్ ఎడమ భుజం మీద ఉంటుంది, ఎడమ చెయ్యి పైస్థాయి. థియేటర్లలో తయారుగా ఉండే స్టేజీ పటం పెడల్ హార్ప్ లెక్కకు గీసింది. దాన్నే పాటిస్తే ఆవిడ ముఖం హార్ప్ వెనక దాగిపోతుంది. మేం ఆవిడని ప్రేక్షకులకు ఎడమవైపు, బృందంలోకి తిరిగి కూర్చునేలా పెట్టాం. అప్పుడు ఆవిడ కుడిపక్క జనంవైపు ఉంటుంది.

దీనివల్ల ఇంకో సంగతి బయటపడింది. జనంవైపు నుంచి ఒక్క మైకు పెడితే దానికి ముందుగా అందేది కుడి చెయ్యి, అంటే మంద్రం. వరస వాయించే ఎడమ చెయ్యి అవతలి పక్క ఉంటుంది. అంతకన్నా ముఖ్యం జంట తీగల చమత్కారం. ఒకే స్వరాన్ని ఈ వరసలో ఒకసారి, ఆ వరసలో ఒకసారి వెంటవెంటనే మీటితే అలలు అలలుగా ప్రతిధ్వని వస్తుంది. ట్రిపుల్ హార్ప్ అందమంతా అందులోనే ఉంది. ఒక పక్క మైకుతో అందులో సగం పోతుంది. అందుకని రెండు పక్కలా చెరొక సన్న కండెన్సర్ మైకు, తీగలకు అడుగు దూరంలో పెట్టి, మిక్సర్‌లో కొంచెం ఎడమకీ కొంచెం కుడికీ తిప్పాం. ఆ అల హాల్లో ఎడమ నుంచి కుడికి కదలడం మొదటిసారి విన్నప్పుడు ఫిడేలు ఆయన వాయించడం ఆపి తలెత్తి చూశాడు.

మంద్రానికి పెట్టె లోపల అంటించే పికప్ (చెక్క అదురును నేరుగా పట్టుకునే సాధనం) వాడాం. ఒక్క పికప్‌నే నమ్ముకుంటే మీటిన చప్పుడు టక్కుమని గట్టిగా వస్తుంది, తీగ మోత పలచబడుతుంది. ఒక్క మైకులనే నమ్ముకుంటే థియేటర్ స్థాయికి చేరేలోపే ఫీడ్‌బ్యాక్ కొడుతుంది, అంటే ఇందాకటి కూతే. అందుకని కింది భాగం పికప్ నుంచి, పైభాగం మైకుల నుంచి తీసుకున్నాం. 80 హెర్ట్జ్ కింద అంతా కోసేశాం. ఈ హార్ప్ పెట్టె 190 హెర్ట్జ్ దగ్గర మోగుతోంది, అక్కడ సన్నగా ఒక కోత పెట్టాం. పెట్టె వెనక రంధ్రాల్లో మెత్తటి ఫోమ్ ముక్కలు. ఇవన్నీ హార్ప్ మైకులు పెట్టే ఎవరికైనా తెలిసినవే. తేడా తెచ్చింది వేరే పని: ఆవిడ ఎదుట ఉన్న మానిటర్ స్పీకర్ (వాయించేవాళ్లు వినడానికి స్టేజీ మీద పెట్టేది) తీసేశాం. గిటారు, పిబ్‌గోర్న్ వాళ్లు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లకు మారారు. స్టేజీ మీద మోత తగ్గేసరికి హార్ప్ మైకులు హార్ప్‌నే వినడం మొదలెట్టాయి. గిటారుకి 150 హెర్ట్జ్ కింద కోసి ఆ చోటు హార్ప్‌కి ఇచ్చాం.

శ్రుతి చేయడం గురించి ప్రోగ్రాం పెట్టేవాళ్లకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. తొంభై పైచిలుకు తీగలు. స్టేజీ లైట్ల వేడికి పేగు తీగ సాగుతుంది, తడి గాలికి ఇంకోలా మారుతుంది. జంట తీగల్లో ఒకటి వెంట్రుకవాసి జారినా మైకులో అది గుడగుడమని కొట్టుకుంటుంది. మేం పెట్టుకున్న క్రమం ఇది: అందరికన్నా ముందు హార్ప్ స్టేజీ ఎక్కాలి, గాలికి అలవాటు పడాలి, ఒకసారి శ్రుతి. తర్వాత ప్రదర్శన స్థాయిలో లైట్లు వెలిగించి వదిలేయాలి, మళ్లీ శ్రుతి. ఆ రెండోసారి హాల్లో నిశ్శబ్దం కావాలి, కుర్చీలు సర్దకూడదు. ఒప్పందపత్రంలో ఇది రాతపూర్వకంగా పెట్టించాం. లేకపోతే ఎవరూ పట్టించుకోరు.

గొంతు వచ్చినా హార్ప్ తగ్గకూడదు

వెల్ష్ సంగీతంలో కెర్ద్ దాంట్ అనే పద్ధతి ఉంది. హార్ప్ ఒక వరస మొదలెడుతుంది. కొన్ని ఆవర్తాలు గడిచాక గాయని వేరే వరసలో, కవిత్వాన్ని పాడుతూ చేరుతుంది. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు నడిచి, చివర ఒక్కచోట కలిసి ముగించాలి. కర్ణాటక కచేరీలో వయొలిన్ గాయకుణ్ణి అనుసరిస్తుంది, నా చెవికి అలవాటైన లెక్క అది. ఇక్కడ హార్ప్ ఎవరినీ అనుసరించదు. దాని వరస వింటూ గొంతు తన దారి వేసుకోవాలి. గొంతు రాగానే వాద్యాన్ని తగ్గించడం ప్రపంచంలో ప్రతి సౌండ్ మనిషి వేళ్లకూ పట్టిన అలవాటు. కెర్ద్ దాంట్‌లో అలా చేస్తే సగం సంగీతం చెరిగిపోయినట్టే. బయటి ఊళ్లలో అక్కడివాళ్లు మిక్సర్ దగ్గర కూర్చున్నప్పటికీ పొరపాటు జరగకుండా వాళ్ల కాగితంలో మొదటి పంక్తిగా రాశాం: పాట మొదలైనప్పుడు హార్ప్ ఫేడర్ ముట్టుకోవద్దు. వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ రాశాం.

గొంతు దగ్గర ఇంకో సంగతి ఉంది, ఇది వెల్ష్ భాషకు సంబంధించింది. సకారాల బుసను తగ్గించడానికి డీ-ఎస్సర్ అనే సాధనం వాడతాం. వెల్ష్‌లో నాలుక అంచుల నుంచి గాలి వదులుతూ పలికే ఒక 'ల్ల' ఉంది, ల్లాంగోల్లెన్ లాంటి ఊరి పేర్లలో వినిపించేది అదే. దాంట్లో స్వరం ఉండదు, గాలే ఉంటుంది. డీ-ఎస్సర్ దాన్ని బుస అనుకుని మింగేస్తుంది. సంప్రదాయ కవిత్వంలో కన్‌హానెద్ అనే నియమం ప్రకారం ఒక పాదంలో హల్లుల వరస మళ్లీ అదే క్రమంలో తిరిగి రావాలి. మన పద్యంలో యతి చెరిపేస్తే మనకెలా ఉంటుందో, ఆ హల్లు వినబడకపోతే అక్కడి శ్రోతకు అలాగే ఉంటుంది. డీ-ఎస్సర్ తీసేసి, మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టి బుస సంగతి చూసుకున్నాం. 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య ఏదీ కోయలేదు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలమన్నవాళ్లు 17.8 శాతం, దాదాపు 5 లక్షల 38 వేల మంది. అంత కొద్దిమంది చెవులు పెట్టి వినే పాటలో హల్లులు మింగేసే హక్కు నాకు లేదనుకున్నాను.

బృందం ఒక ప్లగైన్ పాట కూడా పాడుతుంది. క్రిస్మస్ వేళ తెల్లవారుజామున చర్చిల్లో వాద్యాలు లేకుండా, ఎవరూ పేరు పిలవకుండా, ఒక జట్టు తర్వాత ఒక జట్టు లేచి వచ్చి పాడి వెళ్లే సంప్రదాయమది. మాంట్‌గోమరీ వైపు ఇప్పటికీ ఉంది, కాకపోతే ఇప్పుడు ఎక్కువగా సాయంత్రాల్లో. ఆ పాటకు హాల్లో సౌండ్ మొత్తం ఆపేసి బృందంలో ముగ్గురు స్టేజీ అంచుకు వచ్చి పాడతారు. ఆరుబయట అది కుదరదు, అక్కడ వదిలేస్తాం.

క్లాగ్ డాన్సు గురించి క్లుప్తంగా. ఉత్తరాన స్లేటు గనుల పనివాళ్లు, పొలాల మీద కూలీలు నిలబెట్టిన నాట్యమది. వుడ్ వంశపు హవెల్ వుడ్ 20వ శతాబ్దంలోనూ ఆడుతూ ఉండేవాడు. ఈ బృందంలో డ్రమ్ములు లేవు కాబట్టి ఆ బూట్లే డ్రమ్ములు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, కింద రబ్బరు ముక్కలు, పలక మీద అంచున నేలకు అంటుకుని ఉండే బౌండరీ మైకు. నాట్యం లేనప్పుడు దాన్ని మూసేస్తాం, లేకపోతే గిటారు ఆయన కాలి తాళం కూడా అందరికీ వినిపిస్తుంది.

హాల్లో, ఆరుబయట

బాలా పట్టణం దగ్గర ఒక ఊరి హాల్లో కొత్త పద్ధతి మొదట పెట్టి చూశాం. అక్కడ జనం మామూలుగా మాట్లాడుకునేదే వెల్ష్, హార్ప్ విని పెరిగినవాళ్లు చాలామంది. స్పీకర్లు పెట్టిన సంగతే వాళ్లకు తెలియకూడదని మా లక్ష్యం. విరామంలో వాళ్లు మాట్లాడుకున్నది ఏ వరస ఏ ఊరిది, ఫిడేలు ఆయన వాయించిన రూపం సరైనదేనా అని. సౌండ్ గురించి ఎవరూ అడగలేదు. నా వృత్తిలో దానికి మించిన మెప్పు లేదు.

థియేటర్‌లోనూ బాగా వచ్చింది. హార్ప్ ఫేడర్ ఇదివరకటికన్నా కిందే ఉంది, వినికిడి మాత్రం పెరిగింది. గిటారు ఆయన తన ఒంటి తీగల మంద్రాన్ని ఎంత శ్రద్ధగా కట్టుకున్నాడంటే రెండు వరసల్లో హార్ప్ ఆవిడ ఆయన కోసం కింది చెయ్యి పూర్తిగా మానేసింది.

వేసవిలో ఆరుబయట స్టేజీ ఇంకా తేలని సమస్య. అక్కడ ఒక బృందం దిగి ఇంకో బృందం ఎక్కడానికి ఇచ్చే సమయం ఇరవై నిమిషాలు. దాంతో హార్ప్ శ్రుతి కాదు. స్టేజీ వెనక డేరాలో ముందే శ్రుతి చేసి మోసుకొస్తాం, కానీ డేరా గాలి వేరు, స్టేజీ గాలి వేరు. రోజులో మొదటి బృందంగా పెట్టమని అడుగుతున్నాం. జనం తక్కువుంటారని తెలిసీ వాళ్లు ఒప్పుకుంటున్నారు. ఇంకా పెద్ద చిక్కు గాలి. తొంభై తీగల మీదుగా గాలి వీస్తే ఎవరూ మీటకుండానే హార్ప్ సన్నగా పాడడం మొదలెడుతుంది, మైకులు దాన్ని పెద్దది చేస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ శ్రుతి మనది కాదు. ప్రస్తుతానికి ఆరుబయట పికప్ ఎక్కువ, మైకులు తక్కువ పెట్టి నెట్టుకొస్తున్నాం. దాంతో జంట తీగల అల పలచబడుతోంది.

దానికి ఇప్పుడు చేస్తున్న ప్రయత్నం ఇది. బయటి రెండు వరసల తీగలు పలకలోకి దిగే చోట, ఒక్కో వరస పక్కన ఒక్కో సన్నటి పికప్ అంటించి, రెంటినీ విడివిడిగా మిక్సర్‌కి తేవడం. హార్ప్ పలకకు హాని లేకుండా ఊడిదీసే జిగురు కావాలి. హార్ప్ చేసిన వడ్రంగి రెండు రకాలు సూచించాడు, పాత పలక ముక్క మీద వాటిని పరీక్షిస్తున్నాం. గిటారు ఆయన స్టేజీకి గాలి వచ్చే వైపు నిలబెట్టడానికి మడతపెట్టే తెర ఒకటి కుడుతున్నాడు.